సగం అంటే నిండు

అది కాదు బావా, నాకొక్కటి చెప్పు. నాలుగు రోజులంటే ఎన్ని రోజులు? "నాలుగు రోజులు సర్దుకోండి, సరైనది వచ్చేస్తుంది" అన్నావట కదా ఆ రోజు, ట్యాంకు దగ్గర నిలబడి, అందరి ముందూ. పద్దెనిమిదేళ్ళయింది! పద్దెనిమిదేళ్ళు పట్టే నాలుగు రోజులు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నాయా?

ఆఁ ఆఁ... నోరు తెరవకు. తెరిచావంటే నర్సమ్మని పిలుస్తా. పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడా లేదా డాక్టరు? గుసగుసలు కూడా వద్దన్నాడు. ముప్ఫై ఏళ్ళు మోటార్ల మోతని మించి అరిచి అరిచి గొంతులో కాయ కాయించుకున్నావు. మొన్న సోమవారమే దాన్ని కోసి తీశారు. ఇప్పుడైనా ఆ గొంతుకి కాస్త సెలవివ్వు. ఇదిగో, మా అమ్మాయి పలక తెచ్చాను. సుద్దముక్కలు రెండున్నాయి. ఏం చెప్పాలన్నా దీని మీద రాయి. తిట్లయితే పొట్టిగా రాయి, పలక చిన్నది.

అక్క మందుల షాపుకెళ్ళింది. అక్కడ లైను చూశాను, అరగంటకి తక్కువ పట్టదు. ఈలోగా నేను చెప్పాల్సింది చెప్పేయాలి. ఆవిడ ఉందంటే "ఆపరేషనైన మనిషి దగ్గర నీ ఫ్యాక్టరీ గోలేమిటే" అని నన్ను బయటికి గెంటేస్తుంది.

సంగతేమిటంటే... మిక్సరు మామని సస్పెండ్ చేశారు.

లేవకు! పడుకో, సెలైను ఊడుతుంది. అవును, మన మిక్సరు మామే. ఆ పేరుతో ఫ్యాక్టరీలో ఇంకెవరున్నారు? పాతికేళ్ళుగా ఆ సబ్బు ట్యాంకు ముందు నిలబడ్డ మనిషి. అత్తయ్య చెప్పిన సరుకులు మర్చిపోతాడు గానీ, ఏ ట్యాంకులో ఎన్ని బస్తాలు పోశాడో మర్చిపోడు. అలాంటి మనిషిని నిన్న మధ్యాహ్నం గేటు బయటికి పంపించేశారు. రేపు పొద్దున పదింటికి విచారణ. తప్పు ఆయనదేనని తేలిందంటే ఉద్యోగం పోయినట్టే.

ఏం చేశాడా? మూడు ట్యాంకుల సబ్బు పాడుచేశాడట.

ఎలా పాడయిందో విను. సోమవారం నువ్విక్కడ మత్తులో ఉన్నావు చూడు, అప్పుడే అక్కడ మన చేతులు కడుక్కునే లిక్విడ్ సోపు, నేనిక లిక్విడ్‌గా ఉండను పొమ్మని మొండికేసింది. సీసాల్లో నింపే మిషను నోళ్ళన్నీ మూసుకుపోయాయి. తోడుకున్న పెరుగు నయం, గరిటెకైనా వస్తుంది. ప్యాకింగ్‌లో పొడుగక్క లేదూ, ఆవిడ ఒక సీసా పట్టుకెళ్ళి మేనేజరు ముందు తలకిందులుగా పట్టుకుందట. ఆయన కింద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడట. రెండో చేత్తో ఫోను మాట్లాడటం అయింది, టీ తాగడం అయింది, ఒక్క చుక్క పడలేదు!

ల్యాబ్ అమ్మాయి పరీక్ష చేసి తేల్చేసింది. సామానంతా లెక్క ప్రకారమే పడింది, నీళ్ళే సగం పడ్డాయి అని.

అప్పుడు మేనేజరు మామని పిలిచాడు. ఆ గదిలో ఏం జరిగిందో నాకు ముగ్గురు చెప్పారు. మన ఫ్యాక్టరీలో ముగ్గురు ఒకే కథని ఒకేలా చెప్పారంటే అది నిజమే అయ్యుండాలి.

"ట్యాంకులో నీళ్ళు ఎంతదాకా పట్టావయ్యా?"

"సగం దాకా అండీ."

"సగమే ఎందుకు పట్టావు?"

"నిండాక ఆపాలి కదండీ."

"ఇప్పుడేగా సగం అన్నావు?"

"సగం అంటే నిండే కదండీ!"

ఇంకేముంది, మేనేజరు అగ్గిమీద గుగ్గిలం. ఆయన తప్పేముందిలే పాపం, వచ్చి ఆర్నెల్లు కాలేదు, అదీ అమ్మకాల వైపు నుంచి వచ్చాడు. దానికి తోడు గుమ్మం దగ్గర నిలబడ్డ మనవాళ్ళు ఇరవైమంది ఒక్కసారి అందుకున్నారు. "అవును సార్, సగం అంటే నిండే! సగం అంటే నిండే!" ఆయనకి అదేదో నినాదంలా వినిపించింది. సమ్మెకి దిగుతున్నారనుకుని సెక్యూరిటీని పిలిచాడు.

నవ్వకు బావా. నవ్వు కూడా గొంతులోంచే వస్తుంది.

మామ అబద్ధం ఆడుంటే బయటపడేవాడు. "మోటారు మొరాయించింది, నీళ్ళు సన్నగా వచ్చాయి" అని ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. ఆయనకి అది చేతకాదు. సగం దగ్గర ఆపానని కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు. నేరం ఒప్పుకున్నాడని వీళ్ళనుకుంటున్నారు, డ్యూటీ సరిగ్గా చేశానని ఆయన అనుకుంటున్నాడు.

చెప్తున్నా, చెప్తున్నా, ఆ చెయ్యి అలా తిప్పకు.

నేను శనివారం ఆ ట్యాంకు సెన్సరు మార్చాను.

అదిగో, ఆ మొహం చూడు! సుద్దముక్క విరిచేశావు. ఇంకొక్కటే మిగిలింది, జాగ్రత్త.

ఎందుకు మార్చానంటే, పాతది పాడైంది కాబట్టి మార్చాను. పది రోజులుగా మీటరు ముల్లు ఊరికే ఊగుతోంది, చలిజ్వరం వచ్చినట్టు. సరే, నేను ఇప్పుడు మన ఎలక్ట్రికల్ విభాగానికి పెద్దని కదా, నువ్వు రిటైరయ్యాక ఏదో ఒకటి నా అంతట నేను చేయాలి కదా. ఆ మీటరుండే ప్యానెల్ పుస్తకం తీశాను. నీలా "నాకు గుర్తుందిలే" అనలేదు, పుస్తకం తీసి చదివాను. ట్యాంకు ఖాళీగా ఉంటే సున్నా వోల్టులు, నిండితే పది వోల్టులు పంపించే సెన్సరు కావాలని రాసుంది. అక్షరం పొల్లుపోకుండా అదే తెప్పించాను. శనివారం షిఫ్టు అయిపోయాక, అందరూ వెళ్ళాక నిచ్చెన వేసుకుని పైకెక్కాను.

పాతది విప్పాను. దాని మీద రెండు వేళ్ళ మందం సబ్బు జిడ్డు. తుడిచాను. లేబుల్ కనపడింది.

సున్నా నుంచి ఐదు.

పది కాదు బావా. ఐదు.

ఆ లేబుల్ మీద ఉన్నది నువ్వు నాకు చెప్పక్కర్లేదు, ఇదిగో ఇక్కడే ఉంది, సంచీలో. చూసుకో. తుక్కు డ్రమ్ములో వేయకుండా తెచ్చాను. కళ్ళు మూసుకుంటే ఇది మాయమైపోదు.

మేనేజరుకి నిన్న చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. సార్, ఈ సెన్సరు పైన కూర్చుని నీళ్ళెంత ఉన్నాయో చూసి, కింద ప్యానెల్‌కి వోల్టుల్లో చెప్తుంది. ట్యాంకు నిండితే ఇది ఐదు పంపిస్తుంది. మన ప్యానెల్ పాతది, పది వస్తేనే అది నిండిందని ఒప్పుకుంటుంది. ఐదొస్తే పదిలో ఐదు, సగం అనుకుంటుంది, ముల్లుని సగం దగ్గర నిలబెడుతుంది. పైన చూస్తే ట్యాంకు అంచుదాకా నిండి ఉంటుంది! సెన్సరు నిజమే చెప్పింది, ప్యానెల్ విన్నదే చూపించింది. ఆ రెండిటికీ పెళ్ళి చేసినవాళ్ళదే తప్పు అన్నాను.

"ఆ పెళ్ళి ఎవరు చేశారు?" అన్నాడు.



నాకు తెలీదా? నిచ్చెన మీద ఆ వైరు చూడగానే తెలిసింది. ఆ ముడి వేసే మనిషి ప్రపంచంలో ఒక్కడే. రెండు చుట్లు అటు, ఒక చుట్టు ఇటు, కొస లోపలికి. పదకొండేళ్ళు నా చేత వేయించావు ఆ ముడి, కళ్ళకి గంతలు కట్టినా వేస్తాను. కానీ విచారణలో "ఈ ముడి మా బావదండీ" అంటే ఎవరు నమ్ముతారు?

ఇంకోటి. మనందరికీ నురుగు కథ ఒకటుంది కదా. ట్యాంకులో పై సగం నురుగు కోసం ఖాళీగా వదలాలి, అందుకే సగం దగ్గర ఆపాలి అని. నేను చేరిన మొదటి రోజే చెప్పారు. నేను మళ్ళీ ఎంతమందికి చెప్పానో! ఒకసారి ఎవడో కొత్తవాడు సగం దాటించాడు, నీళ్ళు పొంగి మెట్ల మీదుగా క్యాంటీన్ దాకా పారాయి. "చూశారా, నురుగు!" అని తీర్మానించేశాం. అది నురుగు కాదు, నిండిన ట్యాంకులో ఇంకా పోస్తే పొంగడం! ఒక్కళ్ళకైనా తట్టిందా? మూత తీసి చూశామా? ఆ కథ ఎవరు పుట్టించారు, నువ్వేనా?

కాదూ? సరే, నువ్వు పుట్టించలేదు. పుట్టిన దాన్ని పెంచావు.

అసలు సంగతి మామే చెప్పాడు నాకు, నిన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. అప్పట్లో అసలు సెన్సరు కాలిపోయిందట. కొట్టువాడు ఐదు వోల్టులది పంపాడట. ఐదుని పది చేసే చిన్న పెట్టె ఒకటి మధ్యలో పెట్టాలి, అది వచ్చేసరికి నాలుగు రోజులవుతుంది, ఈలోగా సగాన్నే నిండు అనుకోండి అన్నావట. బాగానే ఉంది, పని ఆగకూడదు కదా, నేనైనా అదే అనేదాన్ని. పొడుగక్క తన గోళ్ళరంగు తెచ్చి మీటరు అద్దం మీద సగం దగ్గర ఎర్రగీత గీసిందట. ఆ గీత ఇంకా ఉంది బావా! రంగు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్ళీ గీస్తూనే ఉన్నారు.

పెట్టె ఏమైంది? వచ్చిందా?

వచ్చిందీ... రాస్తున్నావా... వచ్చింది, కానీ అప్పటికి అందరికీ అలవాటైపోయింది. మళ్ళీ మారిస్తే గందరగోళం. ఓహో. అందుకని పెట్టెని వేరే ట్యాంకుకి వాడేశావు. బాగుంది. ఐదుని పది చేసే పెట్టె పెట్టడం మానేసి, మనుషుల్ని ఐదుకి తగ్గట్టు దిద్దావన్నమాట!

పోనీ, అక్కడితో ఆగావా? ఏటేటా మీటరు తనిఖీ కార్డు మీద "సరిగ్గా ఉంది" అని సంతకం. పద్దెనిమిది సంతకాలు. ప్యానెల్ తలుపు లోపల వరసగా గుచ్చి ఉన్నాయి, నిన్న లెక్కపెట్టాను. మేనేజరు ఆ కట్ట తీసి నా ముందు పడేశాడు. "ఇన్నేళ్ళు సరిగ్గా ఉందని మీ సీనియర్ రాశాడు. తప్పని ఇవాళ నువ్వంటున్నావు. ఆయన ఫోటో మీ విభాగం గది గుమ్మం మీద వేలాడుతోంది. నేనెవరిని నమ్మాలమ్మా? పైగా ఆ మిక్సరాయన్ని మామా అంటావు" అన్నాడు. ఫ్యాక్టరీలో సగంమంది ఆయన్ని మామా అనే అంటారంటే వినడే! సంతకం పెట్టిన మనిషి చేత రాయించుకు రా, అప్పుడు చూద్దాం అన్నాడు.

అదీ నేను వచ్చిన పని.

ఇదిగో కాగితం. పెద్దగా ఏం లేదు. నువ్వు చదివే పని కూడా లేదు, నేను చెప్తాను. "ఈ ట్యాంకు మీద ఇంతకాలం ఉన్నది ఐదు వోల్టుల సెన్సరు. దాన్ని పెట్టింది నేను. సగం దగ్గర ఆపమని ఆపరేటర్లకి చెప్పింది నేను." అంతే. కింద ఒక సంతకం.

అలా కిటికీ వైపు తిరిగిపోతే ఎలా? అక్కడేముంది, ఎదురింటి డాబా మీద నీళ్ళ ట్యాంకేగా. అదైనా నిండిందో లేదో చూసి చెప్పు.

నాకు తెలుసు బావా. వచ్చే నెల నుంచి ట్రైనింగ్ షెడ్డులో కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పడానికి నిన్ను రమ్మన్నారు. రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో ఎంత నలిగిపోతున్నావో అక్క చెప్పింది. మిక్సీ విప్పావట, ఫ్యాను విప్పావట, పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్ విప్పావట. ఆ పిలుపొచ్చిన రోజు కొత్త చొక్కా కుట్టించుకున్నావట కదా. ఇప్పుడీ కాగితం మీద సంతకం పెడితే, పద్దెనిమిదేళ్ళు తప్పు కార్డు మీద సంతకం పెట్టినవాడి చేత పాఠాలేం చెప్పిస్తారు? గుమ్మం మీద ఫోటో కూడా ఉంచరేమో. అది చిన్న విషయమని నేననను. నాకూ బాధగానే ఉంది.

కానీ అక్కడ మామ సంగతి చూడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నీ ముడికీ నా నిచ్చెనకీ మధ్యలో ఆయన పడ్డాడు.

నిన్న వెళ్ళానన్నాను కదా. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు అత్తయ్య తీసింది. మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది. మామ డ్యూటీ చొక్కా వేసుకునే కూర్చున్నాడు. సస్పెండైన మనిషికి యూనిఫాం ఎందుకు అని అడగబోయి ఊరుకున్నాను. అంతా చెప్పాను. సెన్సరు మార్చానని, ఇక మీద ముల్లు నిజమే చెప్తుందని, మీ తప్పేం లేదని. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అయితే ఇప్పుడు ఎక్కడ ఆపాలమ్మా?" అని అడిగాడు.

అంతే అడిగాడు బావా. నా మీద కోపం లేదు, నీ మీద కోపం లేదు. ఎక్కడ ఆపాలో చెప్తే చాలు, రేపట్నుంచి అక్కడే ఆపుతానని. ఆయనకి మనం చెప్పిందల్లా అంతే కదా ఇన్నాళ్ళూ, ఎక్కడ ఆపాలో. కిందికి దిగుతూ రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో పాలపాకెట్ల ఆయన పక్కనుంచి తప్పుకుని వెళ్ళాడు.

ఏం రాస్తున్నావు? ఈసారి చిన్నగా రాస్తున్నావే... "నువ్వు"... ఆగు, కళ్ళజోడు... "నువ్వెందుకు చెప్పలేదు?"

ఎవరికి, మామకా?

అది... సోమవారం పొద్దున్నే నేనిక్కడున్నాను కదా. నిన్ను లోపలికి తీసుకెళ్ళారు, అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఫ్యాక్టరీ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఫోనా? ఫోను చేయొచ్చు. అవును, చేయొచ్చు. రెండు నిమిషాల పని. శనివారమే ఆ ఎర్రగీత తుడిచేసినా సరిపోయేది, అది పది సెకన్ల పని. గోళ్ళరంగు తుడిచే సీసా పొడుగక్క అరలోనే ఉంటుంది. నాకు తెలుసు. చెప్పలేదు, తుడవలేదు.

నీ పరువు కోసం బావా! ఇంకెందుకు? మామకి చెప్తే ఎందుకు మార్చావంటాడు, ఎందుకో చెప్తే నీ పేరొస్తుంది. ఇంటి గుట్టు రచ్చకెక్కుతుంది. ఆపరేషన్‌కి వెళ్ళబోతున్న మనిషి పేరు బజారున పడేయనా? అందుకే గుట్టుగా సరైనది పెట్టేసి, నెమ్మదిగా, తర్వాతెప్పుడో...

ఆ మాట కింద గీత ఎందుకు గీస్తున్నావు? చదివాను. జవాబు చెప్పాను.

మళ్ళీ గీశావు.

అబ్బ, నువ్వు మాట్లాడేటప్పుడే నయం! కనీసం అరుస్తావు, నేనూ అరుస్తాను, అయిపోతుంది. ఇలా చూస్తూ కూర్చుంటే నేనేం చేయను?

సరే. విను. అక్క వచ్చేలోగా విను, మళ్ళీ ఎప్పుడూ చెప్పను.

నీ పరువు కోసం కాదు.

నిచ్చెన మీద ఆ లేబుల్ చదివి, ఆ ముడి చూశాక, నాకేమనిపించిందో తెలుసా? సంతోషమేసింది. నిజంగా బావా, పట్టలేనంత సంతోషం. పన్నెండడుగుల ఎత్తున ఒక్కదాన్నే నిలబడి పకపకా నవ్వాను. ఆ ఖాళీ ట్యాంకులోంచి నా నవ్వు నాకే తిరిగొచ్చింది.

ఎందుకు రాదు నవ్వు? పదకొండేళ్ళు! గేటు లోపల 'సార్, మీరు', గేటు బయట 'బావా, నువ్వు'. ఆ రూలు నువ్వే పెట్టావు, తప్పలేదు నేను. ఒక్క లేబుల్ వంకరగా అంటించానని నలభై వైర్లు విప్పించి మళ్ళీ కట్టించావు, గుర్తుందా? "ఈ స్క్రూ బిగించిన మహానుభావురాలెవరు?" అని షెడ్డంతా వినపడేలా అడిగేవాడివి. అక్కడ ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే! ఆదివారం మీ ఇంట్లో భోజనాల దగ్గర కూడా అంతే. "మా మరదలు పని మంచిదే, కాకపోతే..." అని మొదలుపెట్టేవాడివి. ఆ 'కాకపోతే' తర్వాత నాకు ముద్ద దిగేది కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నువ్వంటే, నేనూ మూడేనని లెక్కపెట్టాను ఇన్నాళ్ళూ.

అలాంటి నీ తప్పు దొరికింది నాకు. చిన్నదా చితకదా, పద్దెనిమిదేళ్ళ తప్పు! దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని కిందికి దిగాను.

కొత్తది బిగించి నీళ్ళు పట్టి చూశాను. ముల్లు ఎర్రగీత దాటింది, పైకి పైకి వెళ్ళి చివరన ఆగింది. అంత అందంగా పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు మామ గుర్తొచ్చాడు. రాలేదని అబద్ధం చెప్పను, వచ్చాడు. సోమవారం చెప్పాలి అనుకున్నాను. వెంటనే ఇంకోటి అనుకున్నాను. మామకి చెప్తే టీ టైముకి షెడ్డంతా తెలుస్తుంది, సాయంత్రానికి నీ చెవిన పడుతుంది. ఎవడో నీకు ముందే చెప్పేస్తాడు. ఇక నాకేం మిగులుతుంది?

నాకు నేనే చెప్పాలనిపించింది. నువ్వు కోలుకున్నాక ఒక ఆదివారం, అందరూ కూర్చున్నాక, నువ్వు "కాకపోతే" అనగానే ఈ సెన్సరు తీసి నీ కంచం పక్కన పెట్టాలి. ఏమీ మాట్లాడకూడదు. నీ మొహం చూడాలి. శనివారం రాత్రి నిద్రపోకుండా అదే ఊహించుకున్నాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

దానికోసం మామకి చెప్పలేదు. పది సెకన్ల పని చేయలేదు. ఆయన పాతికేళ్ళ ఉద్యోగం ఇవాళ నా ఒక్క ఆదివారం భోజనం కోసం పోయేట్టుంది.

మేనేజరుకి నేను చెప్పిన దాంట్లో కూడా ఇది లేదు. పాతది ఐదు వోల్టులదని నాకూ నిన్నే తెలిసిందని చెప్పాను. ఆ అబద్ధం అలాగే ఉంచేస్తే మామ బయటపడతాడు, నేనూ బయటపడతాను, నువ్వొక్కడివే మునుగుతావు. నిన్న సాయంత్రందాకా అలాగే చేద్దామనుకున్నాను. మెట్ల మీద కూర్చున్నాక కాగితం మార్చేశాను. నువ్వు చదవక్కర్లేదన్నాను కదా ఇందాక? చదువు. నీ మూడు వాక్యాల పైన నావి రెండున్నాయి. "సెన్సరు మార్చింది నేను. తేడా తెలిసి కూడా ఆపరేటరుకి చెప్పలేదు, గీత తుడవలేదు." ఇంకా నాలుగు వాక్యాలు రాయాల్సింది, కానీ చీర సంగతి విచారణలో ఎందుకులే అనిపించింది.

ఇక నువ్వేమనుకుంటావో అనుకో. పలక నిండా తిట్లు రాయి, తుడిచి మళ్ళీ రాయి. పాఠాలు చెప్పే ఉద్యోగం నీకు పోతుంది, విభాగానికి పెద్దరికం నాకు పోతుంది. నాకైతే ఇంకా మామ ఇంటి గుమ్మం ఎక్కే మొహం లేదు. నువ్వు సంతకం పెట్టకపోయినా రేపు పదింటికి నేను వెళ్తున్నాను, నా రెండు వాక్యాలతో.

ఏంటి? ఏం కావాలి? నీళ్ళా?

పెన్నా?

ఉంది, ఉంది, ఇదిగో. వెనక అట్ట పెట్టుకో, చిరుగుతుంది. సెలైను చెయ్యి కదూ, కాస్త నెమ్మదిగా... అక్క చెప్పుల చప్పుడు వినపడుతోంది, కానివ్వు. అయ్యో, అక్కడ కాదు బావా, పైన కాదు! కార్డుల మీద ఎప్పుడూ పైన పెట్టేవాడివి, అలవాటు. ఇక్కడ పైన నాది ఉంది చూడు. నువ్వు దాని కింద పెట్టు.

ఈ ఒక్క తప్పులో సీనియర్‌ని నేనే.